పసుపు త్రికోణం, నీలం త్రికోణం

"మందు పెట్టావా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

సి.ఐ. వీరేంద్ర ఈ ప్రశ్న వెయ్యడం నేను వచ్చాక ఇది ఏడోసారి. ఏడుసార్లూ అంకమ్మ ఒకే జవాబు చెప్పింది.

"క్యారేజీలో అన్నం పెట్టానండి. పప్పు పెట్టానండి. ఇంకేం పెట్టలేదండి."

వేమూరు స్టేషన్ గోడ మీద టైము తొమ్మిదీ పది. సాయంత్రం నాలుగింటికి ఆమెను రేపల్లె కోర్టులో హాజరుపరచాలి. అక్కడ రిమాండ్ పడితే, ఆ తర్వాత నిజం తేలినా అది జైలు గోడ దాటి లోపలికి వెళ్ళడానికి నెలలు పడుతుంది. నా చేతిలో ఉన్నది ఏడు గంటలకు పది నిమిషాలు తక్కువ.

నా పేరు దేవిక. తెనాలిలో నా గది బయట డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు వచ్చే పనిలో ముప్పాతిక వంతు పెళ్ళికొడుకులకు తాగుడు అలవాటుందో లేదో వాకబు చెయ్యడమే. అంతకు ముందు ఆరేళ్ళు బాపట్లలో ఒక ల్యాబులో కూరగాయల మీద మిగిలిన పురుగుమందులు పరీక్షించాను. అందుకే అంకమ్మ తల్లి రాఘవమ్మ పొద్దున ఆరున్నరకు నా తలుపు కొట్టి, "మందుల సంగతి నీకు తెలుసంటగా తల్లీ, నా కూతుర్ని బయటికి తీసుకురా" అంది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

పోయింది అంకమ్మ భర్త చౌడయ్య. ముప్ఫై ఆరేళ్ళు. పొలాల్లో కూలికి పురుగుమందు కొట్టడం అతని పని. నిన్న వేమూరు దగ్గర ఒక వరిచేలో మందు కొడుతూ, మధ్యాహ్నం అన్నం తిన్న ముప్పావు గంటకు చెమటలు పట్టి, నోటి వెంట నురగతో గట్టు మీద పడిపోయాడు. నాలుగూ ఇరవైకి తెనాలి ఆసుపత్రిలో ప్రాణం పోయింది. క్యారేజీ దగ్గర మందు వాసన వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి చౌడయ్య తల్లి ఫిర్యాదు చేసింది. పొద్దున తెల్లవారగానే అంకమ్మను అరెస్టు చేశారు. వీరేంద్ర దృష్టిలో కేసు అయిపోయింది, సంతకాలు మిగిలాయి.

"దేవిక గారూ, మీరు పెళ్ళి సంబంధాలు చూసుకోక ఇక్కడికెందుకు వచ్చారో నాకు అర్థం కావట్లేదు," అన్నాడు వీరేంద్ర. "రెండు నెలల కిందట మొగుడితో గొడవపడి పుట్టింటికి వెళ్ళింది. నిన్న వాడు పోయాక ఇంటికొచ్చి చేసిన మొదటి పని ఏంటో తెలుసా? వాడి చొక్కా ఉతికింది. రాత్రి ఏడింటికి! శవం ఇంకా మార్చురీలో ఉంది. సాక్ష్యం మాయం చెయ్యడం కాకపోతే ఏంటది?"

"గొడవ ఎందుకో అడిగారా?"

"మొగుడూ పెళ్ళాల గొడవకి ఎందుకు అనేది ఉంటుందా?"

నేను అంకమ్మ వైపు తిరిగాను. "ఎందుకు గొడవపడ్డావమ్మా?"

"ఈ మందు కొట్టే పని మానెయ్యమన్నానక్కా. రాత్రిళ్ళు ఆయాసపడతా ఉంటే చూడలేక. మానేస్తానంటేనే తిరిగొచ్చా."

"మరి చొక్కా?"

ఆమె తన అరచేతులు చూసుకుంది. "ఎప్పుడూ చేసే పనే గదక్కా. ఆయన రాంగానే విప్పేవాడు, నేను ఉతికేదాన్ని. నిన్న కబురందగానే పొలానికి పరిగెత్తి, గట్టు మీదే విప్పి, నా కొంగులో చుట్టి తెచ్చా. చేతులు వాటంతటవే ఉతికేసినయ్యి."

నమ్మాలనిపించింది. నమ్మకం కాగితం మీదికి రాదు, అదే మా వృత్తిలో ఉన్న దరిద్రం.

"లైటు వెయ్యండి బాబూ," అంది అంకమ్మ. "మొహాలు సరిగ్గా ఆనట్లేదు."

ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. "తెచ్చినప్పట్నుంచీ ఇదే నాటకం," అన్నాడు వీరేంద్ర. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయని నేనూ అనుకున్నాను. చదువుకున్నదాన్ని, ఆరేళ్ళు ఆ మందుల మధ్య బతికినదాన్ని, ఆ మాట నా చెవిలోంచి అలా వెళ్ళిపోయింది.

బయట వరండా బెంచీ మీద చౌడయ్య తల్లి అన్నమ్మ ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"పెద్దమ్మా, మీ కోడలు క్యారేజీలో విషం కలపడం మీరు చూశారా?"

ఆవిడ ఉలిక్కిపడింది. "విషమా? విషమని నేనెప్పుడన్నానమ్మా?"

"మందు పెట్టిందని రాయించారుగా."

"పెట్టింది. పెళ్ళైన ఏడే పెట్టింది! అప్పట్నుంచీ వాడు నా మొహం చూస్తే ఒట్టు. అంకమ్మ కూర్చోమంటే కూర్చోటం, లెమ్మంటే లేవటం. మందు పెట్టకపోతే మగాడు అట్టా అయిపోతాడా? కడుపు మండి అదే చెప్పా. అంతేగానీ నా బిడ్డని చంపిందని..." ఆవిడ నోరు మూసుకుంది. తన మాట ఎంత దూరం వెళ్ళిందో అప్పుడే తెలిసినట్టుంది. "అమ్మా, అది చంపలేదు. వాడంటే దానికి ప్రాణం. అదేగా నా ఏడుపు."

ఈ నేల మీద అత్తగార్లు తరతరాలుగా కోడళ్ళ మీద వేస్తున్న నింద ఇది. మొగుణ్ణి కొంగున కట్టుకోవడానికి పెట్టే మందు. రాత్రి తొమ్మిదింటికి ఆవలిస్తూ ఫిర్యాదు రాసుకున్నాయన ఆ మాటను 'విషము కలిపి పెట్టినది' అని శుభ్రంగా మార్చేశాడు. అన్నమ్మ వేలిముద్ర వేసింది.

లోపలికి వెళ్ళి చెప్పాను. వీరేంద్ర నవ్వాడు గానీ కాగితం వైపు మాత్రం ఒకసారి చూశాడు.

"ముసలావిడకి ఇప్పుడు జాలి పుట్టింది, మాట మారుస్తోంది. క్యారేజీలో వాసన కూడా వశీకరణమేనా?"

"ఒకసారి చూపించండి."

ముట్టుకోనన్న షరతు మీద చూపించాడు. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. ఒక్కో గిన్నె మీదా వంగి వాసన చూశాను. అన్నం గిన్నెలో పులిసిన పప్పు వాసన తప్ప ఏమీ లేదు. పిడి దగ్గర, పై మూత అంచు దగ్గర మాత్రం కిరసనాయిలు లాంటి ఘాటు.

"లోపల లేదు, పట్టుకునే చోట ఉంది. అతని చేతుల్దీ వాసన."

"కలిపేటప్పుడు ఆమె చేతులకి అంటి ఉండొచ్చు."

స్కూటీ తీశాను.

*

పొలానికి చేరేసరికి పదీ ముప్ఫై అయిదు. యజమాని బసవేశ్వరరావుకు అరవై దాటి ఉంటాయి. నన్ను చూడగానే, "నా పేరు పేపర్లో వస్తుందా అమ్మా?" అని అడిగాడు.

"నిన్న ఏం జరిగిందో టైముతో చెప్పండి బాబాయ్ గారూ."

"పదకొండింటికి మొదలెట్టాడు. వరికి దోమ పట్టింది, దానికి మందు. సీసా ఇదిగో. పంపుకి రెండు మూతలు, సీసా మీద రాసినట్టే. నేనే దగ్గరుండి పోయించా."

సీసా మీద నీలం త్రికోణం ఉంది. పురుగుమందు ఎంత ప్రమాదమో చదువురానివాళ్ళకు కూడా తెలియాలని సీసాల మీద రంగు త్రికోణం వేస్తారు. ఎరుపు అన్నిటికంటే ఘోరం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆఖరున ఆకుపచ్చ. నీలం అంటే జాగ్రత్తగా వాడుకుంటే మనిషికి పెద్ద భయం లేదన్నమాట.

"ఈ జాతి మందేనమ్మా ఊళ్ళల్లో దోమల పొగకి కూడా కొడతారు," అన్నాడు ఆయన. "పిల్లలు ఆ పొగెనక పరిగెత్తరూ? దీనికి మనిషి చస్తాడా?"

"అన్నం ఎప్పుడు తిన్నాడు?"

"పన్నెండూ ముప్పావుకి. ఇదిగో ఇక్కడ కూర్చుని. చేతులు కాలవలో ముంచాడు. సబ్బు ఎక్కడుంటుంది పొలంలో? ఒకటిన్నరకి వాంతి. ఆ ముందే ఒకసారి కళ్ళు నులుముకుని, 'మబ్బేసిందేంటి బాబాయ్' అన్నాడు. మబ్బెక్కడిది? ఎండ పెళపెళా కాస్తా ఉంది."

మబ్బు వేసిందన్నాడు భర్త. లైటు వెయ్యమంది భార్య. ఈ జాతి మందులు ఒంట్లోకి పోతే కంటిపాప ఆవగింజంత అయిపోతుంది, ఎంత వెలుగున్నా చీకటిగానే ఉంటుంది. భర్త తిన్న క్యారేజీలో అంకమ్మ మెతుకు కూడా తినలేదు. మరి ఆమె కళ్ళకెందుకు చీకటి?

అక్కడి నుంచే వీరేంద్రకు ఫోన్ చేశాను. "అంకమ్మను వెంటనే డాక్టరుకి చూపించండి. ఆమెకీ విషం ఎక్కింది."

"బాపట్ల నుంచి ఎస్పీ గారు పొద్దున్నించీ రెండుసార్లు ఫోన్ చేశారు దేవిక గారూ. ముద్దాయిల నాటకాలకి నాకు టైము లేదు." పెట్టేశాడు.

ఒళ్ళు మండింది. మండి మాత్రం ఏం చేస్తాను?

చౌడయ్య పంపు పాకలో మూలన పడి ఉంది. క్యారేజీని సీలు వేసి పట్టుకెళ్ళిన వీరేంద్ర, రోజంతా చౌడయ్య వీపు మీద ఉన్న పంపును వదిలేశాడు. భుజం పట్టీల స్పాంజి చేత్తో నొక్కకుండా కర్రపుల్లతో నొక్కాను. జిడ్డు ఊరింది. మందు వాసన కింద ఇంకో వాసన. కొబ్బరినూనె.

"నూనె ఎందుకు?"

"అది మామూలేనమ్మా. మందు కొట్టేవాళ్ళు ఒంటికి నూనె పట్టించుకుంటారు. మందు అంటకుండా జారిపోతుందని."

ఆ క్షణంలో నాకు సగం తెలిసిపోయింది. మిగతా సగం తెలియకపోతే బాగుండుననిపించింది.

"పొద్దున వేరే ఎక్కడైనా కొట్టాడా?"

"కొల్లూరు లంకలో. వెంకటప్పయ్య గారి దొండ పందిరి. పదింటికి ఇంటికెళ్ళి, స్నానానికి టైము లేక పెళ్ళాం చేత మళ్ళీ నూనె రాయించుకొచ్చానన్నాడు."

వెంకటప్పయ్య ఫోన్లోనే దొరికాడు. గొంతులో భయం లేదు, విసుగు ఉంది.

"ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా కొట్టాడమ్మా. పసుపు త్రికోణం మందు. కొలత తప్పలేదు. కొట్టాక మేకలు రాకుండా గట్టుకి ఎర్రగుడ్డ కూడా కట్టించా. నా మందుకే పోయేవాడైతే నా పొలంలోనే పడిపోవాలిగా? నవ్వుతా బండెక్కాడు."

"పందిరి కింద నిలబడి పైకి కొట్టాలి కదండీ?"

"మరి దొండ పందిరి పైకే ఉంటది."

అంటే కొట్టిన మందులో సగం కొట్టినవాడి నెత్తి మీదే కారుతుంది. మేకల కోసం ఎర్రగుడ్డ కట్టాడు. మనిషి కోసం ఏం కట్టాలో ఆయనకూ తెలియదు, ఏ సీసా మీదా రాసి ఉండదు.

*

తెనాలిలో డాక్టర్ సాయి సుధ దొరికేసరికి పన్నెండున్నర. నిన్న చౌడయ్యను చూసింది ఆవిడే. రాత్రి నిద్ర లేనట్టుంది, కేసు షీటు నా ముందుకు తోసింది.

"రెండూ నలభైకి తెచ్చారు. కంటిపాపలు సూదిమొన అంత. ఊపిరితిత్తుల నిండా నీరు. పొట్ట కడిగాం. వచ్చిన నీళ్ళలో అన్నం, పప్పు. మందు వాసన లేదు. వాసన అంతా జుట్టులో, వీపు మీద."

"ఇది పోలీసులకి చెప్పారా?"

"రాశాను. చదవాలిగా."

రెండు సీసాల పేర్లూ, టైములూ ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ వాటిని రెండుసార్లు చదివింది.

"విడివిడిగా అయితే ఏ ఒక్కటీ అతన్ని చంపేది కాదు," అంది చివరికి. "నీలం త్రికోణం మందుని మన ఒళ్ళు తనంతట తనే విరగ్గొట్టేసుకుంటుంది. లివర్లో దానికొక పదార్థం ఉంటుంది, వాకిట్లో కాపలావాడు అనుకోండి. అందుకే అది తక్కువ ప్రమాదం. కానీ పొద్దున ఒంట్లోకి పోయిన పసుపు త్రికోణం మందు ఆ కాపలావాణ్ణి కట్టిపడేసింది. మధ్యాహ్నం రెండోది వచ్చేసరికి ఆపేవాడు లేడు. ఒకటీ ఒకటీ కలిస్తే రెండు కాదు దేవికా. పదో ఇరవయ్యో, ఎవరు కొలిచారు?"

"సీసాల మీద ఈ సంగతి..."

"ఏ సీసా దాని సంగతే చెబుతుంది. పొద్దున ఇంకో ఊళ్ళో ఇంకో రైతు ఏం కొట్టించాడో దానికెట్లా తెలుస్తుంది?"

నేను అడగకూడదనుకున్నదే అడిగాను. "నూనె?"

సాయి సుధ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ మందులు నీళ్ళకంటే నూనెలో తేలిగ్గా కలుస్తాయి. చర్మం మీద నూనె ఉంటే జారిపోవు, ఇంకా లోపలికి ఇంకుతాయి. మధ్యలో కడుక్కోకుండా మళ్ళీ రాసి రుద్దితే... ఎవరు రాశారు?"

అంకమ్మ పేరు చెప్పి, పట్టపగలు ఆమె లైటు వెయ్యమన్న సంగతి కూడా చెప్పాను.

"అంకమ్మ కళ్ళు చూడండి ముందు," అంది ఆవిడ లేస్తూ. "టార్చి వేస్తే పాప అసలు కదలకపోతే ఆలస్యం చెయ్యొద్దు. ఆమెకి సూది మందు పడాలి. రక్తం కూడా పంపండి. రాత్రి దాకా ఆగితే నేను హామీ ఇవ్వలేను."

*

స్టేషన్‌కు వచ్చేసరికి రెండూ అయిదు. మహిళా కానిస్టేబుల్ జ్ఞానమ్మ అంకమ్మకు మజ్జిగ తాగించే ప్రయత్నంలో ఉంది. అంకమ్మ గ్లాసు కోసం చెయ్యి చాపి, గ్లాసుకు జానెడు పక్కన గాలిని పట్టుకుంది. పై పెదవి మీద చెమట.

నేను వీరేంద్రను అడగలేదు. ఫోను టార్చి వేసి అంకమ్మ కంటికి దగ్గరగా పెట్టాను.

"ఇప్పుడు మీరు చూడండి. ఏడ్చిన కళ్ళు ఇలా ఉంటాయా? జ్ఞానమ్మ కళ్ళలో వేసి చూడండి, తర్వాత ఈమె కళ్ళు."

అతను ముందు నవ్వాడు. తర్వాత వంగి చూశాడు. తర్వాత జ్ఞానమ్మ కళ్ళలో వేసి చూశాడు. మళ్ళీ అంకమ్మ దగ్గరికి వచ్చేసరికి నవ్వు లేదు.

"కంటిపాప అంత చిన్నదిగా..."

"క్యారేజీలో విషం ఉంటే తిన్నవాడికి ఎక్కాలి. ఈమె తినలేదు. ఈమె చేసిందల్లా తడిసిన చొక్కా విప్పడం, గుండెకి హత్తుకుని తీసుకురావడం, ఉతకడం. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. విషం చర్మంలోంచి ఎక్కింది వీరేంద్ర గారూ, ఇద్దరికీ. పొట్ట కడిగిన నీళ్ళలో మందు లేదని డాక్టరు నిన్ననే రాశారు. మీ ఫైల్లో నాలుగో కాగితం."

అతను ఫైలు తెరిచాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. మొండివాడే గానీ దొంగ కాదు. అతని మీద నాకున్న కోపంలో ఆ ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకుంటాను.

"సరే. ఈమె కాదు. అయితే ఎవరు? ఎవరి మీద రాయను?"

"పొద్దున కొట్టించినాయన చట్టప్రకారమే కొట్టించాడు. మధ్యాహ్నం కొట్టించినాయనా అంతే. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు."

"మందు అమ్మినవాళ్ళు?"

"లైసెన్సు ఉంది. కొలత లేబుల్ మీద ఉంది."

"అంటే మనిషి పోయాడు, చంపినవాడు లేడంటారు. ఇది రాసి బాపట్ల పంపితే నన్ను ఏమంటారో తెలుసా?"

నాకు తెలుసు. ఇద్దరం పొద్దున్నించీ ఒకరి మీద ఒకరం అరుచుకుని చివరికి ఒకే గోడ ముందుకు వచ్చి నిలబడ్డాం.

"అరెస్టు చేశాను కాబట్టి కోర్టుకి తీసుకెళ్ళక తప్పదు," అన్నాడు అతను. "కానీ రిమాండ్ అడగను. వైద్యం కావాలి, సొంత పూచీ మీద వదలమని నేనే రాసిస్తాను. రేపల్లెలో హాజరుపరిచి అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకెళదాం."

"ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

"తెనాలి వెళ్ళి మళ్ళీ రేపల్లె వెళ్ళేసరికి కోర్టు అయిపోతుంది. ఈ రాత్రి ఆమె ముద్దాయిగానే ఉండాలి. మీకు సమ్మతమా?"

నేను ఒప్పుకున్నాను. రెండు గంటలే కదా అనుకున్నాను.

జీపులో ముందు సీట్లో వీరేంద్ర, డ్రైవరు వెనక నేను. నా వెనక, చివరి బెంచీ మీద జ్ఞానమ్మ, ఆమె భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుని అంకమ్మ. వీరేంద్ర మెజిస్ట్రేటుకు ఇవ్వాల్సిన కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాడు. భట్టిప్రోలు దాటాక పెన్ను ఆపాడు.

"ఒక్కటి మిగిలిపోయింది. పదిహేనేళ్ళుగా ఈ పనే చేస్తున్నవాడు నిన్నే ఎందుకు పోయాడు? మెజిస్ట్రేటు అడిగితే ఏం చెప్పను?"

ఆ ప్రశ్న కోసం నేను పొద్దున్నించీ కాచుకుని ఉన్నాను. పెళ్ళి సంబంధాల మేడమ్ అని వెక్కిరించినవాడు నోట్సు రాసుకుంటూ నన్ను అడుగుతున్నాడు. నా గర్వం నాకంటే ముందు నోరు తెరిచింది.

"రెండు మందులూ ఒకే రోజు పడటం ఒక కారణం. రెండోది నూనె. ఒంటికి నూనె పట్టిస్తే మందు అంటదని నమ్ముతారు, అది పచ్చి అబద్ధం. నూనె మందుని లోపలికి లాగుతుంది. పొద్దున పందిరి కింద తడిసి పదింటికి ఇంటికొచ్చాడు. స్నానం చేస్తే ఆలస్యమని చెయ్యలేదు. దాని మీదే మళ్ళీ నూనె పట్టించారు. ఒంటి మీదున్న విషాన్ని రుద్ది రుద్ది లోపలికి..."

నా వెనక కదలిక. మాట ఆగిపోయింది.

అంకమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి. నా గొంతు వచ్చిన వైపు చూస్తోంది.

"నేను రాయకపోతే బతికేవాడా అక్కా?"

"అలా కాదు అంకమ్మా. మందులు రెండూ..."

"గట్టిగా రాయమన్నాడు. వీపు మంటగా ఉందని. నేనే గట్టిగా రుద్దా. రాయకపోతే బతికేవాడా?"

తెలియదు. అదే నిజం. బతికేవాడేమో, కాదేమో. నూనె లేకపోయినా ఆ రెండు మందులూ చాలునేమో. ఏ ల్యాబూ, ఏ డాక్టరూ ఆ లెక్క ఇప్పుడు తేల్చి చెప్పలేరు. 'బతికేవాడు కాదు' అని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. నేను ఆలోచించాను. ఆ ఆలోచించిన రెండు క్షణాలే ఆమెకు జవాబు అయిపోయాయి.

రేపల్లె వచ్చేదాకా ఆమె తన అరచేతులను చీరకు తుడుస్తూనే ఉంది.

*

నాలుగూ పదికి పిలిచారు.

వీరేంద్ర తను ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. కాగితం ఇచ్చి, ముద్దాయి మీద ప్రస్తుతానికి ఆధారం లేదనీ, ఆమెకే వైద్యం అవసరమనీ స్పష్టంగా చెప్పాడు. అతని గొంతులో అంత మర్యాద ఉంటుందని నాకు తెలియదు. మెజిస్ట్రేటు అంతా చదివింది. యాభై దాటిన మనిషి, విసుగు లేని మొహం.

"అంకమ్మా, పోలీసులు నిన్ను కొట్టారా?"

"లేదండి."

"నీ మీద కేసు ఏంటో తెలుసా?"

"తెలుసండి."

"మీ సి.ఐ. గారు నిన్ను వదిలెయ్యమంటున్నారు. నువ్వేమైనా చెప్పుకోవాలా? చెప్పకపోయినా ఫరవాలేదు."

అంకమ్మ ముందుకు వెళ్ళబోయి చెక్క కటకటాలకు కొట్టుకుంది. వాటిని పట్టుకుని నిలబడింది.

"చంపింది నేనేనండి."

వీరేంద్ర ఒక్క అడుగు ముందుకు వేశాడు. "మేడమ్, ఆమె ఉద్దేశం అది కాదు..."

"ఆగండి." మెజిస్ట్రేటు కలం కింద పెట్టింది. "చూడమ్మా, నువ్వు చెప్పేది నీకే ముప్పు అవుతుంది. ఎవరైనా బెదిరించారా? అలా చెప్పమన్నారా?"

"ఎవరూ చెప్పలేదండి. మందు ఎవరిదో నాకు తెలవదు. దాన్ని ఆయన లోపలికి పంపింది మాత్రం నేను. నా రెండు చేతుల్తో. ఒకసారి కాదు, రెండుసార్లు. మంటగా ఉందంటే ఇంకా గట్టిగా పట్టించా. ఈ అక్క అన్నీ కనిపెట్టిందండి, అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచాను. పొద్దున్నించీ పోగేసిన టైములూ, త్రికోణాలూ, కేసు షీటూ అన్నీ వరసగా చెప్పబోయాను.

"మీరెవరు? అడ్వొకేటా?"

"కాదండి. డిటెక్టివ్‌ని. ఆమె తెలియక చేసింది, అది నేరం కాదండి..."

"నేరమో కాదో ఇవాళ తేల్చను. కూర్చోండి." మెజిస్ట్రేటు గొంతు కటువుగా లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "భర్తను నేనే చంపానని ముద్దాయి నా ముందు చెప్పింది. ఇది విన్నాక నేను పూచీ మీద పంపలేను." ఆవిడ అంకమ్మ చెమట పట్టిన మొహం చూసింది. "పద్నాలుగు రోజులు రిమాండ్. ముందు పోలీసు కాపలాతో ఆసుపత్రికి. వైద్యం పూర్తయ్యాకే జైలుకి."

బయట రాఘవమ్మ ఎదురుచూస్తోంది. వదిలేస్తారని జీపెక్కే ముందు ఆవిడకు ఫోన్ చేసి చెప్పింది నేనే. కూతుర్ని తీసుకెళ్ళడానికి ఆటో కూడా మాట్లాడుకుని వచ్చింది. నన్ను చూసి నవ్వబోయి, నా వెనక పోలీసుల మధ్య అంకమ్మను చూసి ఆగిపోయింది. "వదిలేస్తారన్నావుగా తల్లీ?" అంది. నేను ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాను.

తెనాలి ఆసుపత్రి మంచం మీద కూర్చోబెట్టేసరికి అయిదుంబావు. నర్సు సిరంజి సిద్ధం చేసి అంకమ్మ చెయ్యి పట్టుకోబోయింది. అంకమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాకొద్దండి."

"అంకమ్మా, అది పడకపోతే ఈ రాత్రికి నీకు ఊపిరి ఆడదు," అన్నాను. "నీ కళ్ళు చీకటిగా ఉండటం అందుకే. ఆయనకి ఏమైందో నీకూ అదే అవుతుంది."

తప్పు మాట. నోట్లోంచి బయటికి వచ్చాక తెలిసింది.

ఆమె మొహంలో పొద్దున్నించీ లేని నిమ్మళం కనిపించింది. "అదేనా అక్కా? ఆయనకి పట్టిందేనా ఇది?" అని అడిగింది. వీరేంద్ర, జ్ఞానమ్మ ఆమె భుజాలు పట్టుకున్నారు. అంకమ్మ రెండు చేతులూ గుండెకు అదిమి పట్టుకుని, మంచం మీద గోడ వైపు తిరిగి ముడుచుకుంది. నర్సు సిరంజి పట్టుకుని నిలబడి, ఇప్పుడేం చెయ్యమంటారన్నట్టు నా వైపు చూసింది.